ఉండిపోయే హక్కు ఎవరిది?

యూనియన్ ఉన్నచోట కార్మికులు ఉద్యోగం వదిలి వెళ్లడం తగ్గుతుందని 1984లో ఫ్రీమన్, మెడాఫ్ 'వాట్ డూ యూనియన్స్ డూ?' పుస్తకంలో వాదించారు. గొంతు ఉంటే గడప దాటక్కర్లేదట. సరే, విశాఖ ఉక్కులో పర్మినెంటు కార్మికుడికి ఇది వర్తిస్తుందనుకుందాం. మరి కాంట్రాక్టు కార్మికుడి సంగతో? అతను వదలడు, అతన్నే వదిలించుకుంటారు. కాంట్రాక్టు పద్ధతిని రద్దు చేసినా కార్మికుడు దానంతటదే పర్మినెంటు కాడని 2001లో సెయిల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2021 నుంచి ప్రైవేటీకరణ మీద సంఘాలు ఒక్కటై నిలబడ్డాయి, మంచిదే. కానీ 2025 మేలో కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగింది తమ తొలగింపు మీద.

బొంబాయి మిల్లుల్లో నేత శాఖ అంటరానివాళ్లకు మూసి ఉండేది. 1928 సమ్మె కాలంలో అంబేడ్కర్ యూనియన్ నాయకుల్ని నిలదీసింది దీని మీదే. ఉక్కులో ఏ పనిలో ఏ కులం కాంట్రాక్టు కింద ఉందో యూనియన్ ఆఫీసుల్లోనే అడుగుదాం.