స్వరపరీక్షలో నెగ్గునది

ఆకాశవాణి స్వరపరీక్షకు దరఖాస్తు పెట్టుకొన్న పిల్లలు నా వద్దకు వచ్చినపుడు మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటే: "మాష్టారూ, ఏ రాగం పాడితే నెగ్గుతామండీ?" ఎన్నుకొన్న రాగమును బట్టియే జయాపజయములు నిర్ణయమగునను ఆ నమ్మికలోనే సగము అపజయము దాగియున్నదని నా యభిప్రాయము.

కేంద్ర సమాచార ప్రసార శాఖామాత్యులు బి.వి. కేస్కర్ హయాములో, 1952 ప్రాంతమున, ఈ పరీక్షాపద్ధతి రేడియోలో ప్రవేశించినపుడు, సభలలో పేరుమోసిన విద్వాంసులు కొందఱు తమ విద్యకు మరల పరీక్ష యేమిటని ఆగ్రహించిరి. ఆ ఆగ్రహములో న్యాయము లేకపోలేదు. అయినను, పరీక్షకులు గాయకుని ముఖము చూడక, పేరు తెలియక, చెవినబడిన గొంతును మాత్రమే విని తీర్పు చెప్పవలెనను నియమములో లోతైన వివేకము కలదు. కచేరీలో గాయకునకు పట్టుబట్టల నిగనిగయు, ముందువరుసలో తలలూపు మిత్రులును, ముఖకవళికలును, హస్తవిన్యాసములును అండగా నిలుచును. స్టూడియోలో ఎఱ్ఱదీపము వెలిగిన పిమ్మట ఆ యండలన్నియు తొలగిపోయి, తంబురా నాదమునకు ఎదుట గొంతొక్కటియే నిలువవలసి వచ్చును. రేడియో శ్రోతకు దక్కునదియు ఆ గొంతే గదా!

అట్టి చెవికి మొదట వినవచ్చునది రాగము కాదు, షడ్జము. ఇంట ఐదున్నర శ్రుతిలో హాయిగా పాడుకొను బాలిక, తారస్థాయిని మెఱపింపవలెనను ఆశతో పరీక్షనాడు ఆరు శ్రుతి పెట్టించుకొని, పై పంచమమును అందుకొనుటకు పెనగులాడుట నేనెఱుగుదును. మోహనలో ఐదే స్వరములు గనుక సులభమని కొందఱు దానినే శరణు జొత్తురు. కాని గాంధారమును నిండుగా నిలిపినపుడు శ్రుతి వెండ్రుకవాసి తప్పినను దాచుకొనుటకు అందు చాటు లేదు. తోడి పాడి పాండిత్యము చూపబోవువారికి గాంధారపు కంపితమే పట్టుబడక రాగచ్ఛాయ చెదరును. భయమున కాలప్రమాణము పరుగెత్తి, పల్లవిలో నున్న నడక చరణమునకు వచ్చుసరికి మాఱిపోవుటయు తఱచే. మైక్రోఫోను మఱింత నిర్దయమైనది: ఎగపీల్చిన ఊపిరిని, ఈలవేయు సకారమును, పేలు పకారమును అది పెద్దవి చేసి చూపును. ఇక త్యాగరాజ కృతులను తెలుగు మాతృభాషగాగల గాయకుడే ఊపిరి చాలక మాట నడుమ విఱిచి పాడినచో క్షమించువాడెవ్వడు?

ఇవన్నియు కలిపి చూచినపుడు, పరీక్షకులు వెదకునది గాయకుడు తన ఉత్తమదినమున అందుకొనగల శిఖరమును కాదనియు, అధమదినమున సైతము దిగజారని స్థాయిని అనియు నాకు తోచును. పండుగనాటి పిండివంటను బట్టి కాక, నిత్యము కాచు పప్పుచారును బట్టి ఆ యింటి వంట తెలియును గదా! 1948లో వెలసిన విజయవాడ కేంద్రము నుండి తెల్లవాఱుజామున వచ్చు భక్తిరంజని కార్యక్రమమును వినువారు, పాడినవానికి ఆనాడు జలుబు చేసినదా, నిద్ర చాలినదా యని విచారింపరు. ఈ పరీక్షలో నెగ్గినవారికి లభించు బి, బి హై, ఏ, టాప్ అను శ్రేణులు విద్యకు బిరుదములవలె కనబడినను, నిజమునకు అవి ఏ దినమున పిలిచినను ఈ గొంతు ఇంతకు తగ్గదను నమ్మకమునకు కొలతలు.

కావుననే, పరీక్షకై క్రొత్త కృతి నేర్వవలదనియు, ఏండ్ల తరబడి నోట నానిన దానినే తెల్లవాఱి గొంతింకను విచ్చుకొనని వేళ, ప్రక్కవాద్యము లేక, తంబురాతో మాత్రమే పాడి, ఆ పాటను రికార్డు చేసికొని మఱునాడు పరాయివాని చెవితో వినుమనియు చెప్పుదును. అట్లు విన్నపుడు నిలిచినదే పరీక్షలోను నిలుచును.

అయితే ఈ పరీక్ష కొలువగలిగినది నిలకడను మాత్రమే. ఏదో యొక సాయంకాలమున అనుకొనకుండ పొంగివచ్చి శ్రోతలను మైమఱపించు మనోధర్మమును నియమితమైన కొలది నిమిషములలో రప్పించి తూచుట ఎంతటి విద్వత్సంఘమునకును సాధ్యము కాదు. ఉత్తీర్ణుడైనవానికి సాధన మానుటకు ఆ ఫలితము హేతువు కారాదు. తప్పినవానికి సంగీతము మానుటకు అంతకన్నను కారాదు.