కోటికి ఒకటి తక్కువ

పోయిన వారం ఫోను చార్జరు కోసమని కోఠికి వెళ్లిన ఈ కాలమిస్టు, చార్జరు సంగతి మరిచి, అరచేతిలో ఇమిడే వీడియో గేమ్ ఒకటి కొనుక్కొచ్చాడు. బుల్లి తెర, నాలుగు బటన్లు, డబ్బా మీద ఎర్రటి అక్షరాల్లో "400 ఇన్ 1". "నిజంగా నాలుగొందలున్నాయా?" అని అడిగినందుకు దుకాణంలో కుర్రాడు "డౌటుంటే లెక్కపెట్టుకోండి సార్" అన్నాడు. అనకుండా ఉండాల్సిన మాట. డబ్బా మీద అంకె కనపడితే ఈయనగారి చెయ్యి ఊరుకోదని ఈ శీర్షిక పాఠకులకు తెలుసు. అగ్గిపెట్టెలో పుల్లలు లెక్కపెట్టిన వ్యాసానికి వచ్చిన చీవాట్లు ఇంకా సొరుగులోనే ఉన్నాయి.

ఆదివారం ఆ లెక్కకే సరిపోయింది. మొదటి పేజీల్లో ఉన్నవి నికార్సైన ఆటలే. వెనక్కి పోయేకొద్దీ అవే ఆటలు వేషం మార్చుకుని ఎదురయ్యాయి. కారు రంగు మారింది, పేరు మారింది, రోడ్డు మాత్రం అదే. ఒళ్లు మండింది. ఈ వారం శీర్షికలో ఆ అంకెని ఉతికి ఆరెయ్యాలని అక్కడికక్కడే నిర్ణయం జరిగిపోయింది.

తిట్టడానికి రెండు కారణాలు సిద్ధంగా ఉన్నాయి. రెండూ ఇక్కడ చాలాసార్లు చదివినవే. డబ్బా మీద అంకె అబద్ధం ఆడకూడదు. ఏ వస్తువు మీదైనా దాన్ని చేసినవాళ్ల పేరు ఉండాలి. ఒకే డబ్బాలోనో క్యాసెట్‌లోనో బోలెడు ఆటలు కుక్కి అమ్మే విద్య ఈ రెండు ధర్మాలనూ ఒకేసారి కాలరాసిందని ఈయన అభియోగం.

ముందు అంకె సంగతి. నింటెండో వారి వీడియో గేమ్ యంత్రం ఫామికామ్ 1983 జులై 15న జపాన్‌లో విడుదలైంది. మన ఇళ్లలోకి ఆ యంత్రం ఎక్కువగా నకళ్ల రూపంలోనే వచ్చింది. మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో 90ల్లో టీవీల పక్కన కూర్చున్నవి ఆ బాపతువే. రష్యాలో దాని పేరు డెండీ, పోలండ్‌లో పెగసస్. పేరు ఏదైనా అందులో దూర్చే క్యాసెట్లు ఒక్క తానులోవే. 64 ఇన్ 1 అన్నారు. తర్వాత 500 అన్నారు. అది చాలక 9999 అన్నారు. చివరికి ఒక స్టిక్కర్ మీద వరసగా ఏడు తొమ్మిదులు అచ్చేశారు: 9999999 ఇన్ 1. కోటికి ఒకటి తక్కువ. నిద్రాహారాలు మాని ఒక్కో ఆటా ఒక్కో నిమిషం ఆడినా పూర్తికావడానికి 19 ఏళ్లు పడుతుంది. లోపల ఉన్న అసలు ఆటలు మాత్రం చాలాసార్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే.

అబద్ధాన్ని పక్కన పెట్టి ఆ పనితనాన్ని చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. ఫామికామ్ ప్రాసెసర్‌కు క్యాసెట్‌లోని ప్రోగ్రాం కనపడే కిటికీ 32 కిలోబైట్లు. బొమ్మలకు ఇంకో 8. తొలినాటి ఆటలన్నీ ఈ కొలతలో ఒదిగేలా రాసినవే. డాంకీ కాంగ్ మొత్తం కలిపి 24 కిలోబైట్లు, 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ 40. అంటే ఒక మెగాబైటు చోటులో మారియో అంతటి ఆటలు పాతిక పడతాయి. చిప్పు పక్కన లాచ్ అనే చిన్న సర్క్యూట్ పెడతారు. మెనూలో ఆట పేరు నొక్కగానే మెనూ ప్రోగ్రాం ఆ లాచ్‌లో ఒక అంకె రాస్తుంది. పెద్ద చిప్పులోని ఏ ముక్క ఆ కిటికీలో కనపడాలో ఆ అంకె చెబుతుంది. ఆ వెంటనే ప్రాసెసర్ కొత్త ముక్కలో ఆట మొదలయ్యే చోటికి దూకుతుంది. సురభి వారి నాటకంలో తెర మారినట్టు వెనక దృశ్యమంతా మారిపోతుంది. రంగం మీదికొచ్చిన పాత్రకు ఆ రంగస్థలమంతా తనదే. తన వెనక ఇంకో పాతిక తెరలు చుట్టి ఉన్నాయని మారియోకి తెలియదు.

ఈ కిటుకు దొంగలు కనిపెట్టింది కాదు. కిటికీలో పట్టని పెద్ద ఆటను ముక్కలు ముక్కలుగా చూపడానికి నింటెండో కూడా ఇదే చేసింది. 384 కిలోబైట్ల సూపర్ మారియో 3 అలా నడిచిందే. పెద్ద ఆట కోసం వాళ్లు వాడిన ఉపాయాన్ని చిన్న ఆటల గుంపు కోసం వీళ్లు వాడారు, అంతే. పొదుపు దగ్గర మాత్రం వీళ్లను మించినవాళ్లు లేరు. చిప్పుకు విడిగా తొడుగు ఎందుకు దండగని, బోర్డు మీదే అతికించి పైన నల్లటి ఎపాక్సీ ముద్ద వేసేవారు. మరీ చవక రకాల్లో మెనూ కూడా లేదు. నాలుగు ఆటల క్యాసెట్ పెట్టి రీసెట్ నొక్కితే రెండోది, మళ్లీ నొక్కితే మూడోది.

ఇక ఏడు తొమ్మిదుల మర్మం. మెనూలో "కాంట్రా" అనే ఆట ఒక వరస. కింద మళ్లీ కాంట్రా, ఈసారి 30 ప్రాణాలతో. దాని కింద రెండో అంచె నుంచి, ఇంకా కింద మూడో అంచె నుంచి. ఆట ఒక్కటే, మొదలయ్యే చోటు వేరు. మెనూ ముందుగానే మెమరీలో అంచె అంకె వేసి ఆటను వదులుతుంది. ఇలా నాలుగైదు ఆటలను నలిపితే మెనూ ఎంత పొడుగైనా సాగుతుంది.

ఇక్కడే ఈ కాలమిస్టు అభియోగానికి తొలి దెబ్బ తగిలింది, అదీ సొంత జ్ఞాపకం నుంచే. బెజవాడలో వేసవి సెలవుల్లో వీడియో గేమ్ పార్లర్‌కి వెళ్లేవాళ్లు గంటకింత అని డబ్బు కట్టేవాళ్లు. జేబులో అరగంట డబ్బులే ఉన్న పిల్లవాడు కాంట్రా మొదటి నుంచి మొదలుపెడితే అడవి దాటి జలపాతం చేరేసరికి "టైమైపోయింది, లే" అనే కేక వినపడేది. ఎనిమిది అంచెల ఆటలో మంచుకొండలుంటాయని, చివర్న ఒక రాక్షసి గుండె కొట్టుకుంటూ ఉంటుందని ఆ పిల్లవాడికి ఎలా తెలియాలి? మెనూలో ఆ దొంగ వరసలు ఉండబట్టి తెలిసింది. ఐదో అంచె వరస నొక్కి నేరుగా మంచుకొండల్లో దిగేవాడు. చచ్చినా చూసి చచ్చేవాడు. క్యాసెట్ తయారుచేసినవాడు మెనూ పెంచడానికి చేసిన మోసం, గంట లెక్కన ఆడేవాడికి అచ్చంగా సరిపోయింది. సొంత యంత్రం, సొంత క్యాసెట్, తీరిగ్గా సాయంత్రాలు ఉన్న పిల్లలకు ఆ వరసలతో పని లేదు.

పైగా అంకె పెంచే ఈ అలవాటు ఎక్కడ పుట్టిందని వెతికితే, వేళ్లు పెద్దమనుషుల పెరట్లోకే పోయాయి. 1977లో అటారీ తన యంత్రంతో పాటు ఇచ్చిన క్యాసెట్ కాంబాట్. ప్రోగ్రాం మొత్తం 2 కిలోబైట్లు, డబ్బా మీద మాత్రం 27 వీడియో గేములు. అంటే రెండు ట్యాంకులు కాల్చుకోవడం, గోడలున్న మైదానంలో కాల్చుకోవడం, గుండు గోడకు తగిలి తిరిగొచ్చేలా కాల్చుకోవడం, ట్యాంకుల బదులు విమానాలు. 1980లో అదే అటారీ స్పేస్ ఇన్వేడర్స్ 112 ఆటలుగా వచ్చింది. 112 ఆటల్లోనూ పైనుంచి దిగే ఆ గ్రహాంతరవాసులే. 1983లో జోనాక్స్ అనే కంపెనీ ఇంకో అడుగు వేసి రెండు కొసలున్న క్యాసెట్ తెచ్చింది. ఒక కొస దూర్చితే ఒక ఆట, తిప్పి దూర్చితే ఇంకోటి. వాళ్లైనా రెండింటిని రెండనే అన్నారు.

పోనీ అంకె నిజమైతే సరుకు మంచిదవుతుందా? దానికి జవాబు యాక్షన్ 52. అమెరికాలో విన్స్ పెర్రీ అనే వ్యాపారి, తన కొడుకు ఆడుతున్న తైవాన్ దొంగ క్యాసెట్‌లో 40 ఆటలు చూసి, ఇదే పని సొంత ఆటలతో ఎందుకు చెయ్యకూడదు అనుకున్నాడు. ఆలోచన న్యాయమైనదే. కుర్రాళ్లను కొందరిని కూర్చోబెట్టి దాదాపు మూడు నెలల్లో 52 ఆటలు రాయించాడు. 1991లో యాక్టివ్ ఎంటర్‌ప్రైజెస్ పేరుతో క్యాసెట్ బయటికొచ్చింది, ధర 199 డాలర్లు. ఆటలన్నీ కొత్తగా రాయించినవే. ఈ కాలమిస్టు పట్టింపులన్నీ తీర్చిన క్యాసెట్ అది. ఆడి చూస్తే మాత్రం వీడియో గేముల చరిత్రలో అధ్వాన్నమైనవాటి జాబితా ఏది తీసినా అది కనపడుతుంది. ఊజ్ అనే ఆటలో ఐదో అంచె పూర్తిచేసినవాళ్లకు 1,04,000 డాలర్ల పోటీ ప్రకటించారు. ఆ ఆటేమో అక్కడిదాకా పోకుండానే బిగుసుకుపోయేది. రెండు ఆటలు చాలా యంత్రాల మీద అసలు మొదలే కావు. అంటే నిజాయతీగా వేసిన 52 అంకె కూడా చివరికి 50 దగ్గర ఆగింది.

ఇక రెండో అభియోగం: పేర్లు. దొంగ క్యాసెట్లు చేసిన అసలు పాపం ఇదేనని ఈ కాలమిస్టు ఏళ్లుగా నమ్ముతున్నాడు. మనవాళ్లు "ట్యాంక్" అని ఆడిన ఆట నామ్కో 1985లో చేసిన బ్యాటిల్ సిటీ. దానికి మెరుగులు దిద్ది ట్యాంక్ 1990 అని పేరు మార్చారు. మొదటి తెర మీద కంపెనీ పేరు, సంవత్సరం చెరిపేయడం ఆ వ్యాపారంలో మామూలు. చేసినవాళ్లెవరో తెలియకుండానే ఒక తరం పెద్దదైపోయింది.

కానీ అసలు డబ్బాల మీద మాత్రం ఎవరి పేరుంది? అటారీలో ఆటలు రాసినవాళ్ల పేర్లు వేసేవారు కాదు. అడ్వెంచర్ ఆట రాసిన వారెన్ రాబినెట్ తన పేరును ఒక రహస్యపు గదిలో దాచుకోవాల్సి వచ్చింది. కంటికి సరిగా ఆనని ఒక చుక్కను పట్టుకెళ్తేనే ఆ గది తెరుచుకుంటుంది. గుర్తింపు, డబ్బు రెండూ లేవని నలుగురు ప్రోగ్రామర్లు అటారీ వదిలి 1979లో యాక్టివిజన్ పెట్టాక గానీ రాసినవాళ్ల పేరు అచ్చులోకి ఎక్కలేదు. బ్యాటిల్ సిటీ అసలు ప్రోగ్రాం లోపలే, దాన్ని రాసిన వ్యక్తి మారుపేరు పెట్టుకుని తాను ప్రేమించే అమ్మాయి పేరు దాచిన వాక్యం ఒకటుంది. కంపెనీ మనుషుల పేర్లు చెరిపింది, దొంగలు కంపెనీ పేరు చెరిపారు. అయినా దొంగల మీద ఒక్క అభియోగం నిలుస్తుంది, అది చిన్నదేం కాదు. వాళ్లమ్మిన కోట్ల ఆటల్లో ఒక్క రూపాయీ చేసినవాళ్లకు చేరలేదు.

ఆ దొంగ మెనూ ఒక తరానికి పాఠ్యపుస్తకమైంది కూడా. కిలోబైట్లు తక్కువైన ఆటలే ఎక్కువ పడతాయి కాబట్టి 1983-85 నాటివి అందులోకి ఎక్కాయి. బ్యాటరీతో ఆట నిలవ చేసుకునే జెల్డా లాంటివి బయటే ఉండిపోయాయి. అందుకే 90ల్లో ఆడిన మన పిల్లలకు పదేళ్ల వెనకటి జపాన్ తెలుసు. బ్యాటిల్ సిటీ, నట్స్ అండ్ మిల్క్, పెంగ్విన్ పరిగెత్తే అంటార్కిటిక్ అడ్వెంచర్ ఫామికామ్ క్యాసెట్లుగా జపాన్‌లోనే వచ్చాయి. అమెరికా పిల్లలు నింటెండో యంత్రంలో కొనుక్కోలేని ఆటలు గుంటూరు పిల్లలు అద్దెకు ఆడారు. ఏ కంపెనీ వేసుకున్న పథకమూ కాదిది. చిప్పులో చోటు చూసుకుని ఎవడో చేసిన ఎంపిక.

చట్టబద్ధంగా ఇదే పని చేసినవాళ్లూ ఉన్నారు. 1988లో నింటెండో సూపర్ మారియో, డక్ హంట్ రెండూ ఒక క్యాసెట్‌లో పెట్టి యంత్రంతో ఇచ్చింది. 1997లో జపాన్ లాసన్ దుకాణాల్లో ఖాళీ క్యాసెట్‌లోకి నచ్చిన ఆటలు రాయించుకునే సేవ మొదలై 2007 దాకా నడిచింది. బ్రిటన్‌కు చెందిన బ్లేజ్ కంపెనీ 2020లో తెచ్చిన ఎవర్‌కేడ్ అనే చేతి యంత్రం అచ్చంగా ఆటల సంపుటాల మీదే బతుకుతోంది. వరస సంఖ్య, చిన్న పుస్తకం, లైసెన్స్, అన్నీ పద్ధతిగా ఉంటాయి. తొలి నామ్కో సంపుటంలో 11 ఆటలంటే 11 ఆటలే. కానీ ఆ కంపెనీయే టీవీకి తగిలించే యంత్రం తెచ్చినప్పుడు, లైసెన్స్ ఒప్పుకోక నామ్కో సంపుటాలు అందులో ఆడలేదు. 2018లో క్యాప్‌కామ్ మెగా మ్యాన్ సంకలనాలు రెండు ఒకే డబ్బాలో అమ్మి, కార్డు మీద మొదటిదే పెట్టి, రెండోదానికి డౌన్‌లోడ్ కోడ్ ఇచ్చింది. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2లో గేమ్ కీ కార్డు అనే రకం ఉంది. డబ్బా ఉంటుంది, కార్డు ఉంటుంది, కార్డులో ఆట ఉండదు. ఆటను నెట్ నుంచి దింపుకోవాలి, ఆడేటప్పుడు కార్డు కూడా పెట్టాలి. ఆ సంగతి డబ్బా మీద స్పష్టంగానే రాస్తారు. రాసినదాంట్లో అబద్ధమేమీ లేదు.

ఈయనగారు ఉతకడానికి కూర్చున్న బట్ట ఇప్పుడు ఏడు తొమ్మిదులది కాదు. ఆ స్టిక్కర్ మీద కోపం సగం పోయింది. మిగిలిన సగం ఒక్క రూపాయీ చేరని ప్రోగ్రామర్ల తరఫున అలాగే ఉంటుంది. పాఠకుల్లో ఎవరి అటక మీదైనా అలాంటి క్యాసెట్ ఉంటే స్టిక్కర్ మీది అంకె, లోపల నిజంగా ఉన్న ఆటల లెక్క, రెండూ రాసి పంపండి. అంచె మారినవి, రంగు మారినవి ఒక్కటిగానే లెక్కించాలి. క్యాసెట్ ఆడకపోతే కాంటాక్టులు ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడవండి, నోటితో ఊదకండి, తడికి రాగి పాడవుతుంది. వచ్చిన లెక్కలు ఇక్కడే అచ్చవుతాయి. పంపినవాళ్లు ఒప్పుకుంటే పేర్లతో సహా.