నార్వాల్ శబ్దవ్యుత్పత్తి — ఒక విమర్శ

ఉత్తరధ్రువ సముద్రములలో సంచరించు నార్వాల్ అను తిమింగలపు పేరు ఐరోపా భాషలు పెక్కింట ఇంచుమించు ఒకే రూపమున వినవచ్చుచున్నది. డేనిష్ భాషలో నార్హ్వాల్, స్వీడిష్, ఫ్రెంచి, స్పానిష్, రష్యను భాషలలో నార్వాల్, ఇటాలియనున నార్వాలో. ఇంగ్లీషువారు దీనిని 17వ శతాబ్దిలో స్కాండినేవియా భాషలనుండి గ్రహించిరి.

నిఘంటుకారులు దీనికి ‘శవతిమింగలము’ అని అర్థము చెప్పుట పరిపాటి. ప్రాచీన నార్స్ భాషలో ‘నార్’ అనగా శవము. ‘హ్వల్’ అనగా తిమింగలము. మచ్చలుగల పాలిపోయిన దేహము నీట మునిగిన శవమును బోలుటచే ఈ పేరు కలిగెనని కొందఱు, మాంసము ప్రాణాంతకమను నమ్మికచే కలిగెనని కొందఱు చెప్పిరి. 13వ శతాబ్దిలో నార్వేయందు రచింపబడిన ‘రాజదర్పణము’ ఈ మాంసము తిన్నవారు రోగగ్రస్తులై మరణింతురని చెప్పుచున్నది. ఇన్యూట్ జనులకు మాత్రము దీని చర్మము తరతరాల ఆహారము. కావున కారణము సందిగ్ధము. అయినను కారణము సందిగ్ధమైనంతమాత్రమున అర్థము అసిద్ధము కానేరదు, రూపమును పరీక్షింపవలెను.

‘నార్’ శబ్దములోని రేఫము ప్రకృతిలోనిది గాదు. అది ప్రథమావిభక్తి ప్రత్యయము. రాముడు అను పదములోని డుప్రత్యయము ‘రామబాణము’న కానరానట్లే, ఈ రేఫమును సమాసపూర్వపదమున నిలువదు. నార్స్ పురాణగాథలలోని శవతీరమునకు ‘నాస్ట్రోండ్’ అనియే పేరు. రాజదర్పణములోని రూపము ‘నాహ్వల్’; ఐస్లాండిక్ భాషలో నేటికిని రేఫము లేదు. మఱి డేనిష్ రూపమున రేఫమెక్కడిది?

పూర్వపదము వేఱొకటియనియు, శవార్థము జనులు పిదప కల్పించుకొన్న వ్యుత్పత్తియనియు కొందఱు భాషావేత్తల మతము. డేనిష్ రేఫమొక్కటే చూచిన ఇది యుక్తముగ తోచును. కాని ప్రాచీనసాక్ష్యమున లేని వర్ణము అర్వాచీనరూపమున కనబడినపుడు, దానినే మూలమునకు ఆధారముగ గొనుట శాస్త్రపద్ధతి గాదు.

ఈ శంకకు వేఱొక ప్రేరణ కలదని మా అభిప్రాయము. ఈ జంతువును చూచినవారికి ముందు కనబడునది కొమ్మువలె పొడుచుకొనివచ్చిన దంతము. ఫిన్నిష్ భాషలో దీని పేరునకు ‘కొమ్ముతిమింగలము’ అని అర్థము. 1758లో లిన్నేయస్ ఉంచిన శాస్త్రీయనామమునకు ‘ఏకదంతము, ఏకశృంగము’ అని అర్థము. ఐరోపాలో ఏకశృంగాశ్వపు కొమ్ములని అమ్మినవి ఈ దంతములేయని కోపెన్‌హేగన్ ఆచార్యుడు ఓలె వోర్మ్ 1638లో నిరూపించెను. ఇంత ప్రసిద్ధమైన దంతము పేరున లేకుండుట మనకు వింతగా తోచును. అందుచే దానిని ధాతువునందైన వెదకుదుము. కాని నామకరణము చేసినవారు మనకు ముఖ్యమైనదానినే చూచిరనుటకు ప్రమాణమేమి?

కావున నిఘంటువులు ‘నా’, ‘హ్వల్’ అను విభాగమునే చూపి, డేనిష్ రేఫమును ప్రత్యేకసమస్యగ పేర్కొని, వర్ణమా విషమా యను చర్చను ఊహగనే ఉంచుట యుక్తమని మా నిర్ణయము. కథ ఎంత రమ్యమైనను రూపము సమ్మతింపనిదే వ్యుత్పత్తి కాజాలదు.