పాల లెక్క పక్కన

మా గోడ క్యాలెండర్ ఉన్నది పాల లెక్కకే. రెండేళ్లుగా అవే గడుల్లో నా తలనొప్పి లెక్క కూడా రాస్తున్నాను. ఎడమ పక్కైతే ‘ఎ’, కుడైతే ‘కు’, మొదలైన వేళ, తగ్గిన వేళ. మాత్ర మింగితే ఒక చుక్క.

అంతకుముందు నాకు తెలిసిందల్లా ‘ఒంటి తలనొప్పి’ అన్న ఒక్క మాట. చిన్నప్పుడు అమ్మ సాన మీద శొంఠి అరగదీసి కణతకు పట్టేసేది. ఆ మంటకే నొప్పి మరిచిపోయేవాణ్ణి. తర్వాత అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన మందు అది. దాని రాబడి ఆసరాతోనే 1908లో ఆంధ్రపత్రిక వచ్చింది. తలనొప్పుల పుణ్యాన పత్రిక పుట్టింది సరే, పత్రికలకు రాసి తలనొప్పులు తెచ్చుకునే నాలాంటివాళ్ల మాటేమిటి?

మూడు నెలల గడులు చూపిస్తే డాక్టరుగారు రెండు నొప్పుల్ని విడదీశారు. టిఫిన్ మానేసిన రోజో, నిద్ర చాలని మర్నాడో మొదలై, మెట్లెక్కితే దడదడలాడుతూ, వెలుతురూ పోపు వాసనా భరించనివ్వనిది మైగ్రేన్. మందు వేయకపోతే నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా ఉండొచ్చట. తెల్లారి లేచేసరికే దవడతో సహా కణత పీకేది వేరు. రాత్రంతా పళ్లు కొరుకుతున్నానని పళ్ల డాక్టరు తేల్చారు. పిల్లలైతే నులిపురుగులంటారు, యాభై దాటినవాణ్ణి ఏమంటారో!

చుక్కలు చూసి మాత్రం మొదటి డాక్టరుగారి ముఖం మారింది. నెలలో సగం రోజులు నొప్పి మాత్రలు మింగుతూ పోతే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయట. ఒక నెలైతే నావి పదహారు.

గడుల్లో రాస్తూ కూర్చోకూడని నొప్పి ఒకటుంది. డెబ్బై ఏళ్ల మా అత్తయ్యకు కొత్తగా కణత నొప్పి పట్టుకుంది. దువ్వెన తగిలితే ఓర్చుకోలేకపోయేది, నాలుగు ముద్దలు నమిలేసరికి దవడలు లాగేసేవి. ముసలితనమే అనుకున్నాం. ఒకరోజు కన్ను మసకేసింది. కణత దగ్గరి రక్తనాళం వాచిందని, ఆలస్యమైతే చూపే పోతుందని ఈఎస్ఆర్ పరీక్ష చేయించి, ఆ సాయంత్రమే స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. చూపు దక్కింది.

మొన్న నెలాఖరున పాలబ్బాయి క్యాలెండర్ ముందు నిలబడి, “ఈ చుక్కలు ఎక్స్‌ట్రా ప్యాకెట్లా సార్?” అన్నాడు. మూడే ఉన్నాయి.