ఎదిరి సమ్మతిపై వకాల్తా

శాసనమును విమర్శించుట కావ్యమును విమర్శించుట వంటిదే. పదమునకు పదము సరిచూచి, దాని తాత్పర్యమేమో, ఫలమెవరికి దక్కుచున్నదో కనుగొనవలెను. పనినుండి యన్యాయముగా తొలగింపబడిన వాని పక్షమున ఎవరు మాటలాడవచ్చునో తెలుపు నొక నియమమును మేమిప్పుడు విమర్శకు దీసికొనుచున్నాము. అది 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టములో 36వ సెక్షను. 2020లో శాసనమై 2025 నవంబరు 21వ తేదీనుండి అమలునకు వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతి పాత చట్టమును తొలగించియు ఈ నియమమును మాత్రము నిలుపుకొన్నది.

దాని సారమిది. రాజీ కుదుర్చు అధికారి యెదుట ఏ పక్షమువారును వకీలును పెట్టుకొనరాదు. ట్రిబ్యునలు నెదుట పెట్టుకొనవచ్చును గాని, ట్రిబ్యునలు అనుమతితోపాటు ఎదుటి పక్షము సమ్మతియు కావలెను. కార్మికుడు తన సంఘపు అధికారిచేతను, యజమాని యజమానుల సంఘపు అధికారిచేతను మాటలాడించుకొనవచ్చును.

ఈ నియమము పెట్టినవారు దుర్బుద్ధులు కారు. ధనవంతుడు పేరుమోసిన వకీళ్లను దింపును, కూలివాడు దింపలేడు. వాయిదాలపై వాయిదాలు పడును. కావున వకీళ్లను వాకిటనే నిలిపినచో ఇరువురును సమానులగుదురని వారి యూహ. ఊహ మంచిదే. ఫలము మాత్రమట్లు గాలేదు. 1976లో పారాదీపు ఓడరేవు వ్యాజ్యెమున సుప్రీముకోర్టు, న్యాయవాది యజమానుల సంఘమున అధికారియైనచో ఆ హోదాతో రావచ్చుననియు, అప్పుడు కార్మికుల సమ్మతి యక్కఱలేదనియు తీర్పు చెప్పెను. కార్మిక సంఘపు అధికారియైన న్యాయవాదికిని ఇదే సూత్రము. కాగితముపై త్రాసు సమముగనే యున్నది. కాని యజమాని సంఘమున జేరినచో వాని కొలువు పోదు. కార్మికుడు చేరినచో పోవచ్చును. ఏ సంఘమును లేని వానికి ఈ త్రాసున తట్టయే లేదు.

మా ఖానాపురం హవేలిలో మావద్ద చదువుకొన్న యొక యువకుడు ఒక రాతిపలకల కర్మాగారమున పనిచేయుచుండెను. నిలిచిన జీతమడిగినందుకు, రేపటినుండి రావలదని నోటిమాటగా చెప్పిరట. పిమ్మట ఇంగ్లీషున నొక కాగితము వచ్చెను. దాని యర్థము చెప్పుమని మాయొద్దకు దెచ్చెను. అతడు తనంత తానే పని మానుకొన్నట్లు అందులో వ్రాసియున్నది. చదివి చెప్పితిమి. "సారూ, నేను మానలేదు, వాళ్లే మాన్పించిన్రు" అని యతడనెను. ఆ రెండు మాటల భేదమే వ్యాజ్యెమంతయు. మేము వ్యాకరణము చెప్పగలము గాని సాక్షిని ప్రశ్నింపజాలము.

"కుండ పగిలెను" అన్నచో పగులగొట్టిన వాడా వాక్యమున కనబడడు. తొలగింపునకును ఇట్టి భాష యొకటి యేర్పడినది. 2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్.టి.సి. కార్మికులు సమ్మె కట్టగా, గడువులోపల పనికి రాని సుమారు 48,000 మంది తమను తామే తొలగించుకొన్నట్లు ప్రభుత్వము ప్రకటించెను. నోటీసు లేదు, విచారణ లేదు, కర్త లేడు! ఆ నెలలోనే మా ఖమ్మమున నొక డ్రైవరు ఒంటికి నిప్పంటించుకొని, మఱునాడు హైదరాబాదు ఆసుపత్రిలో మరణించెను. కార్మిక సంఘముల పక్షమున న్యాయవాదులు హైకోర్టున వాదించిరి. నవంబరు 29న కార్మికులు తిరిగి పనిలో జేరిరి. వేలమంది నొక్కమాటు తొలగించినప్పుడు లోకము వినును. ఒక్కనిని తొలగించినప్పుడు వినువారెవరు?

ఈ యొంటరివానిని మన శాసనకర్తలు పూర్తిగా మఱచిరనలేము. ఒక్కని తొలగింపును పారిశ్రామిక వివాదమే యగునని 1965లో చట్టమును సవరించిరి. అట్టివాడు ప్రభుత్వపు సిఫారసుకై వేచియుండక నేరుగా లేబరు కోర్టునకు పోవచ్చునని 1987లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ నిర్ణయించెను. కేంద్రమా మార్గమును 2010లో గాని పట్టలేదు. ఇది తెలుగువారు గర్వింపదగిన విషయము. ఆ 1987లోనే పార్లమెంటు చేసిన న్యాయసేవల చట్టము స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని, పారిశ్రామిక కార్మికులకును ఉచితముగా వకీలు నిచ్చుటకు బద్ధమైనది. ఒక చట్టము వకీలు నిచ్చుచున్నది. మఱియొకటి యెదిరి నడిగి రమ్మనుచున్నది. అన్నము వడ్డించి, పొరుగువాడు సరేయన్న తరువాత తినుమన్నట్లున్నది.

వివక్ష విషయమున ఈ కొఱత మఱింత హెచ్చు. గర్భిణియైనందుకో, కులము చేతనో తొలగించు యజమాని ఆ మాట కాగితముపై వ్రాయడు. పని నచ్చలేదని వ్రాయును. ఎయిరిండియాలో మొదటి గర్భముతోడనే విమాన పరిచారికను తొలగించు నియమము అచ్చులోనే యుండెను గనుక, 1981లో సుప్రీముకోర్టు దానిని కొట్టివేయగలిగెను. ప్రభుత్వ సంస్థ కావున రాజ్యాంగపు హక్కులను చూపి, న్యాయవాదుల ద్వారా వాదించుటకు మార్గముండెను. చిన్న కర్మాగారమున, వ్రాతలేని వివక్షను బయటపెట్టవలెనన్నచో హాజరు పట్టీలు తెప్పించి, మేస్త్రీని అడ్డుప్రశ్నలడిగి, ఇతరులకు జరిగినదానితో పోల్చి చూపవలెను. ఇది నేర్చినవాని పని. ఆ నేర్పరిని రానిచ్చుటయు మానుటయు నిందితుని చేతిలో నుంచుట న్యాయమగునా?

వకీళ్లు వచ్చినచో కాలహరణమగునని కొందఱందురు. ఆ భయము నిజమే. దాని నరికట్టుటకే ట్రిబ్యునలు అనుమతి యున్నది, అది యుండనిండు. వ్యాజ్యెమును సాగదీయు వకీలును ట్రిబ్యునలే మందలించునుగాక. ఎదిరి సమ్మతి కావలెనను మాటలు మాత్రము తొలగవలెను.

అంతవఱకు చదువుకొన్న గృహస్థులు చేయదగిన పనియు నొకటి కలదు. పని పోయిన యిరుగుపొరుగువాని కాగితములు చదివిపెట్టి, తెలియని భాషలోని రాజీనామాపై వ్రేలిముద్ర వేయవలదని చెప్పి, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు త్రోవ చూపవలెను. జాగుచేయరాదు. వివాదము పుట్టిన రెండేండ్ల పిమ్మట రాజీ యధికారి దానిని చేపట్టరాదని నూతన స్మృతి చెప్పుచున్నది. మా శిష్యుడు నేటికిని ఆ కాగితమును మడిచి జేబులో నుంచుకొన్నాడు. తాను పని మానలేదని చెప్పుట కతనికి వేఱొకరి సెలవు కావలసి వచ్చుట మనకు గౌరవము గాదు.