పొందికలో పుట్టే అర్థం: కాల్వీనో టారో కథనంపై ఒక వాక్యార్థ విచారణ

వ్యాససంగ్రహం: టారో కార్డుల వరుసలను కథనసాధనంగా చేసుకొని ఇటాలో కాల్వీనో చేసిన రచనను, అభిహితాన్వయ, అన్వితాభిధాన వాదాల వెలుగులో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కార్డుల పొందిక అపరిమితమైన అర్థాలను ఇస్తుందన్న అభిప్రాయాన్ని ప్రశ్నించి, ఆ అర్థానికి హద్దులు ఎక్కడున్నాయో నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: టారో, కాల్వీనో, వాక్యార్థం, ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి, తాత్పర్యం.

1. ప్రవేశిక

టారో 15వ శతాబ్దిలో ఉత్తర ఇటలీలో పుట్టిన పేకాట. పూర్తి కట్టలో 78 కార్డులుంటాయి. వాటిలో 22 బొమ్మల తురుపులు. తక్కిన 56 పాత్రలు, నాణేలు, ఖడ్గాలు, కర్రలు అనే నాలుగు రంగులకు చెందినవి. ఈ ఆటముక్కలలో ప్రాచీన ఈజిప్టు జ్ఞానం దాగి ఉందని 1781లో ఫ్రాన్సులో కూర్ ద జెబెలాఁ ప్రతిపాదించాడు. ఆ తరువాతి కాలంలో టారో జోస్యసాధనంగా విస్తృత ప్రచారం పొందింది. దానితోపాటు ఏ కార్డుకు ఏ అర్థమో చెప్పే పట్టికలూ వెలువడ్డాయి.

అయితే జోస్యుడు ఒక్క కార్డును చదవడు. పరచిన వరుసను చదువుతాడు. విడివిడి అర్థాలను కూడితే వరుస అర్థం వస్తుందా, లేక వరుసే ఒక్కొక్క కార్డుకు అర్థాన్ని ఇస్తుందా? ఈ ప్రశ్నను సాహిత్యంలోకి తెచ్చిన రచన కాల్వీనో 'ఖండిత విధుల కోట'. దాని మొదటి భాగం 1969లో విస్కోంతి టారో కట్టపై వచ్చిన గ్రంథంలో అచ్చయింది. 'ఖండిత విధుల సత్రం' అనే రెండవ భాగాన్ని చేర్చి 1973లో పుస్తకంగా ప్రచురించారు. 1968లో ఉర్బీనోలో పావ్లో ఫాబ్రి కార్డుజోస్య కథనంపై చేసిన ప్రసంగం తనకు ప్రేరణ అని కాల్వీనో స్వయంగా పేర్కొన్నాడు.

2. రెండు వాదాలు

వాక్యార్థం ఎలా కలుగుతుందన్న చర్చ మీమాంసకులలో సుప్రసిద్ధం. పదాలు ముందుగా తమ అర్థాలను చెబుతాయి, ఆపైన వాటికి అన్వయం కలుగుతుంది అన్నది కుమారిలభట్టు మార్గం, ఇది అభిహితాన్వయవాదం. పదం మొదటినుంచీ ఇతర పదార్థాలతో అన్వయించిన అర్థాన్నే చెబుతుంది అన్నది ప్రభాకరుని మార్గం, ఇది అన్వితాభిధానవాదం. పెద్దలు 'ఆవును తే', 'గుర్రాన్ని తే', 'ఆవును కట్టు' అంటున్నప్పుడు ఒక పదం పోయి మరొకటి రావడాన్ని గమనించి బాలుడు భాష నేర్చుకుంటాడు. ఈ ఆవాపోద్వాపాలే పదార్థజ్ఞానానికి మూలమని ప్రభాకరుల వాదన.

టారో పట్టికలు స్థూలంగా అభిహితాన్వయ పద్ధతిలో నడుస్తాయి. 1909 నాటి ప్రసిద్ధమైన కట్టను రూపొందింపజేసిన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ కూడా తన పుస్తకంలో ప్రతి కార్డుకు నిలువుగా వస్తే ఒక అర్థం, తలకిందులుగా వస్తే మరొక అర్థం ఇచ్చాడు. కాల్వీనో ఈ పట్టికలను పక్కన పెట్టాడు. కార్డు మీది బొమ్మను, వరుసలో దాని చోటును మాత్రమే ఆధారంగా తీసుకున్నాడు.

3. ఒకే కార్డు, రెండు కథలు

అడవి దాటి కోటకు చేరిన ప్రయాణికులు మాట కోల్పోతారు. బల్లమీద ఉన్న టారో కార్డులను పేర్చి తమ కథలు చెప్పుకుంటారు. మొదటి కథకుడు పాత్రల రౌతును తనకు గుర్తుగా పెడతాడు. నాణేల రాజు అతని తండ్రి, నాణేల పది వారసత్వంగా వచ్చిన ధనం. ఒకదానిమీదుగా ఒకటి పోయే కర్రల తొమ్మిది అడవి అవుతుంది. 'బలం' కార్డు దారిదోపిడీ, ఆపైన వచ్చే 'వేలాడే మనిషి' దొంగల చేతిలో అతనికి పట్టిన గతి. నీటిపాత్రలు పట్టుకున్న 'మితత్వం' అతన్ని కాపాడిన పిల్ల.

ఇదే 'వేలాడే మనిషి' ఓర్లాండో కథలో చివరి కార్డు. ప్రేమలో మతిపోయి ప్రపంచాన్ని చిందరవందర చేసిన వీరుడు తలకిందులుగా వేలాడుతూ ప్రశాంతుడవుతాడు. అక్కడ విపత్తును చెప్పిన బొమ్మ ఇక్కడ వివేకాన్ని చెబుతోంది. బొమ్మ మారలేదు, సన్నిధి మారింది. పైగా కోటలోని వరుసలు ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి. ఒక కథను చివరినుంచి మొదటికి చదివితే మరొక కథ వస్తుంది. ప్రభాకరుని వాదానికి ఇంతకంటే అనువైన కల్పన దొరకడం కష్టం.

అయినా ఇది సంపూర్ణ అన్వితాభిధానం కాదు. రెండు కథల్లోనూ 'తలకిందులైన మనిషి' అన్న చిత్రార్థం స్థిరంగా ఉంది. విస్కోంతి కట్టలోని 'బలం' సింహంపై దుడ్డుకర్ర ఎత్తిన పురుషుడు. అందుకే అతడు దొంగ కాగలిగాడు. వెయిట్ కట్టలో అదే కార్డుపై సింహం నోటిని మృదువుగా మూస్తున్న స్త్రీ ఉంది. ఆ కట్టతో ఈ కథ చెబితే దోపిడీ అన్న అర్థానికి యోగ్యత ఉండదు. నిప్పుతో తడపమన్నట్టే ఉంటుంది. అంటే బొమ్మ చెప్పే అర్థం అభిహితం. కథలో అది పొందే అర్థం అన్వితం. కాల్వీనో కథనం ఈ రెంటి సంధిలో నిలిచింది.

4. తాత్పర్యం ఎవరిది?

శాబ్దబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధులతోపాటు తాత్పర్యజ్ఞానం కూడా కావాలని శాస్త్రకారులు చెప్పారు. కోటలో తాత్పర్యం తెలిసినవాడు మూగవాడు. అతడు కార్డు పెట్టగలడు, ముఖకవళికలతో సూచించగలడు, అంతే. మనం చదివే వాక్యాలన్నీ బల్లదగ్గర కూర్చున్న మరొకరి ఊహలు. 'బహుశా', 'కావచ్చు' అన్న ధోరణి కథనమంతటా వ్యాపించడానికి కారణం ఇదే.

ఆ ఊహలు ఎక్కడినుంచి వస్తున్నాయి? ఓర్లాండో, అస్తోల్ఫోల కథలు 1516లో తొలిసారి వెలువడిన అరియోస్తో కావ్యంలోనివి. మార్సెయ్ కట్టతో నడిచే సత్రం భాగంలో ఫౌస్టు, పార్సిఫల్, హామ్లెట్, లేడీ మాక్బెత్, లియర్ రాజు కనిపిస్తారు. ఈ పేర్లను కార్డులు ఇవ్వలేదు. పాఠకుని జ్ఞాపకం ఇచ్చింది. కోటలో కుదిరిన క్రమం సత్రంలో కుదరలేదని, ఆ కార్డులతో చాలాకాలం సతమతమయ్యానని కాల్వీనో తన గమనికలో ఒప్పుకున్నాడు. ఈ ఒప్పుకోలును వినయంగా కాక సాక్ష్యంగా తీసుకోవాలి. పొందిక తనంతట తానే కథలను పుట్టించే యంత్రమే అయితే, సత్రంలో అది తడబడవలసిన పనిలేదు. సన్నిధి క్రమం సడలినచోట ఆ భారాన్ని పూర్వకథల స్మృతి మోసింది. నా దృష్టిలో సత్రం భాగం బలహీనత ఇదే. సిద్ధాంతపరంగా దాని విలువ కూడా ఇదే.

5. ముగింపు

ఈ పరిశీలన టారోకు పరిమితమైనది కాదు. కవిత్వంపై మన పరిశోధనలలో రెండు అలవాట్లు తరచుగా కనిపిస్తాయి. ఒకటి, కవి వాడిన ప్రతీకలను ఏరి, చీకటి అంటే అజ్ఞానం, నది అంటే జీవితం అంటూ పట్టిక వేయడం. రెండవది, పాఠకుడు ఏమి చెప్పినా అది అర్థమేనని సరిపెట్టడం. మొదటిది టారో పట్టికలు చేసే పని. రెండవది సత్రంలోని తడబాటును స్వేచ్ఛగా పొరబడటం.

వీటికి ప్రత్యామ్నాయం ఆవాపోద్వాప పరీక్ష. ఒక ప్రతీకను ఆ కవే వేర్వేరు సన్నిధులలో ఎలా నిలిపాడో పక్కపక్కన పెట్టి చూడాలి. చోటుతోపాటు మారేది అన్వయం ఇచ్చిన అర్థం. మారకుండా నిలిచేది ఆ పదచిత్రపు సొంత అర్థం. ఈ రెండూ కాక మిగిలినది మన పూర్వస్మృతి. దాన్ని కవికి అంటగట్టకుండా మన పేరుతోనే నమోదు చేయాలి. వేలాడే మనిషి దుఃఖితుడా, జ్ఞానియా అన్నది పక్కనున్న కార్డు చెబుతుంది. అతడు వేలాడుతున్నాడన్నది మాత్రం ఏ వ్యాఖ్యాతా మార్చలేని విషయం.