ఛాయాచిత్రం: సరదా, చదువు, సొత్తు

కళ వినోదం కోసమా, విజ్ఞానం కోసమా అన్న తగవు మన సాహిత్య విమర్శలో పాతదే. ఆ తగవు ఇప్పుడు ఛాయాచిత్రం దాకా వచ్చింది. తీసిన బొమ్మను అంతర్జాలంలో నలుగురి ముందూ పెట్టడం నేటి విద్యార్థికి నిమిషం పని. ఇది పనిలేనివారి కాలక్షేపమని కొట్టివేసే పెద్దలున్నారు; ఇదే ప్రజాస్వామ్య కళ అని పొంగిపోయే యువకులున్నారు. రెండూ సగం సత్యాలే. బొమ్మ తీసినవాని దృష్టి ఏమిటి, చూసేవారు దాన్ని ఎట్లా చదువుతారు, చివరకు దానిమీద పెత్తనం ఎవరిది - ఈ మూడు ప్రశ్నలూ వేయనిదే విషయం తేలదు.

లాలా దీన్ దయాళ్ ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు. ఆయన పనితనాన్ని ఎవరూ కాదనలేరు. కాని ఆస్థాన చిత్రకారునిగా ఆయన కెమెరా ముందు నిలిచినవి మహలులూ, విందులూ, వేటలూ. 1943 బెంగాల్ కరువులో సునీల్ జానా తన కెమెరాను ఆకలితో చస్తున్న జనంవైపు తిప్పాడు. ఆ బొమ్మలు కమ్యూనిస్టు పార్టీ పత్రిక 'పీపుల్స్ వార్'లో అచ్చయినాయి. పరికరం అదే, దృష్టి వేరు. నేడు పరికరం మనందరి చేతికీ వచ్చింది. అంతమాత్రాన దృష్టి వచ్చినట్లు కాదు.

సరదా ఎప్పుడు చదువుగా మారుతుంది? దీనికి మంచి నిదర్శనమొకటి ఉన్నది. కెనడాలోని వాంకూవర్‌లో 2004లో 'ఫ్లికర్' అనే ఛాయాచిత్రాల వేదిక పుట్టింది. పువ్వులు, పాత రైళ్ళు, పక్షులు - ఎవరి అభిరుచిని బట్టి వారు అక్కడ గుంపులు కట్టారు. 2008 జనవరిలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన భాండాగారంనుంచి సుమారు 3,000 పాత చిత్రాలను అందులో పెట్టి, తెలిసినవారు వివరాలు చెప్పమని కోరింది. పది నెలలు తిరగకముందే 7,000కు పైగా వ్యాఖ్యలు వచ్చినాయి. ఈ వీధి ఫలానా ఊరిది, ఈ మనిషి ఫలానావాడు అని పాత పత్రికలు తిరగేసి మరీ చెప్పినవారున్నారు. ఆ సమాచారంతో లైబ్రరీ 500కు పైబడిన చిత్రాల వివరాలను తన సూచికలో మెరుగుపరచుకున్నది. సరదా సమష్టి శ్రమ అయినప్పుడు, ఆ శ్రమ పరీక్షకు నిలిచినప్పుడు, అది పాండిత్యమే అవుతుంది.

ఇక తరగతి గది సంగతి. డొరొతియా లాంగే 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో వద్ద, బఠానీ కోతకు వచ్చిన కూలీల గుడారాలలో ఒక తల్లి బొమ్మ తీసింది. దాన్ని మొదట పేరు చెప్పకుండా విద్యార్థులకు చూపాలి. ఇద్దరు పిల్లలు ముఖం చాటుచేసి తల్లి భుజాలమీద వాలారు, ఒడిలో పసిబిడ్డ, ఆమె చూపు మననుంచి తొలగి దూరాన ఉన్నది. ఇంతవరకు కవిత్వం చదివినట్లే చదవవచ్చు. తరువాత చరిత్ర చెప్పాలి. లాంగే ఆమె పేరు అడగలేదు. ఆమె ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. తిండికోసం కారు టైర్లు అమ్ముకున్నారని లాంగే రాసినమాటను ఆ కుటుంబం కాదన్నది. ఆ బొమ్మవల్ల తనకు దమ్మిడీ దక్కలేదని ఆమె నొచ్చుకున్నది. బొమ్మ గొప్పది; అయినా అందులోని మనిషికి నోరు లేకపోయింది. వాస్తవికత అంటే బీదతనాన్ని చూపడం మాత్రమే కాదని విద్యార్థికి ఇంతకంటె బాగా చెప్పే పాఠం అరుదు.

మూడవ ప్రశ్న సొత్తుది. ఫ్లికర్‌ను 2005లో యాహూ కొన్నది. 2018లో స్మగ్‌మగ్ కొన్నది. ఆ ఏడే ఉచిత ఖాతాలకు 1,000 బొమ్మల హద్దు ప్రకటించారు. 2014లో యాహూ, జనం స్వేచ్ఛా అనుమతితో పెట్టిన బొమ్మలలోనుంచి సుమారు 10 కోట్లను పరిశోధకులకు విడుదల చేసింది. వాటిలో దాదాపు 10 లక్షల ముఖచిత్రాలను ఐబీఎం ముఖాలను గుర్తుపట్టే యంత్రాల పరిశోధనకు వాడినట్లు 2019లో బయటపడింది. ఆ ముఖాలవారిని అడిగినవారు లేరు. చట్టం ఒప్పుతుందని వాదించవచ్చు. కాని సరదాగా చేసిన శ్రమ కంపెనీకి ముడిసరుకు కావడమంటే ఏమిటో మన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు.

అందుచేత కెమెరాను పారవేయమని కాదు. లాభాపేక్ష లేని సంస్థ నడిపే వికీమీడియా కామన్స్ 2004నుంచి ఉన్నది. అక్కడ పెట్టిన బొమ్మను ఏ బడి అయినా వాడుకోవచ్చు. కంపెనీలూ వాడుకోవచ్చు కనుక, ఏది పెట్టాలో తెలిసి పెట్టాలి. పిల్లల ముఖాలు పెట్టకూడదు. మనిషిని అడగనిదే మనిషి బొమ్మ పెట్టకూడదు. అసలు ప్రతిని కళాశాల గ్రంథాలయంలో భద్రపరచాలి. అన్నింటికంటె ముఖ్యం బొమ్మ కింది మాట. మగ్గం బొమ్మ పెట్టి అందమైన పల్లె బ్రతుకు అని రాస్తే అది భావకవిత్వానికి చెడ్డ నకలు. నాడె ఏది, పడుగు ఏది, ఆ చీరకు నేతకూలి ఎంత ముట్టింది అని నేతగాణ్ణి అడిగి రాస్తే అది విద్య. మన విద్యార్థులు ఆ అడగడం నేర్చిననాడు ఈ వేదికలు నిజంగా ప్రజలకు పనికివస్తాయి.